కొనేవాడితో ఒక వేట

ఆ రోజు పొద్దున మా జంగ్లీఘాట్ రేవు టీ కొట్టులో టీవీ మోగుతోంది. మన దేశం సముద్రం అవతలి ఒక దేశానికి క్షిపణులు అమ్మడానికి ఒప్పుకుందని వార్త. అది వినగానే గ్లాసులు పట్టుకున్న వాళ్ళందరూ నా వైపు తిరిగారు. ముప్పై ఏళ్ళు సర్కారు బడిలో రాజనీతి శాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ఢిల్లీలో ఎవరు తుమ్మినా ఎందుకు తుమ్మారో నేను చెప్పాలని మా రేవులో ఒక అలవాటు. నాకూ అది ఇష్టమే, దాచుకోవడం ఎందుకు? గ్లాసు పక్కన పెట్టి, గొంతు సవరించుకుని మొదలుపెట్టబోతుంటే మూల బెంచీ మీద నుంచి మా బావ అందుకున్నాడు.

"దేశమంత దేశం మిసైల్ అమ్మడానికి ఒప్పీసుకుంది. నా డుంగీ అమ్ముకోడానికి మా బావమరిది ఒప్పుకోడు. క్యా జమానా హై."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను కానీ చెవులు వేడెక్కాయి. ఆయన మా అక్క మొగుడు. డుంగీ అంటే మా దీవుల్లో వేటకు పోయే చిన్న ఇంజన్ పడవ. ఆయన డుంగీని ఉత్తరాన మాయాబందర్ ఊరి వైపు అతనొకడు కొంటానన్నాడు, బేరం కూడా కుదిరింది. అయితే మా రేవు పడవను బయటివాడికి అమ్మాలంటే సంఘం అధ్యక్షుడు అభ్యంతరం లేదని ఉత్తరం రాసివ్వాలి. ఆ అధ్యక్షుణ్ణి నేనే. పది రోజులుగా ఆ ఉత్తరం రాయకుండా నీళ్ళు నములుతున్నాను.

నేను అధ్యక్షుణ్ణి కావడం కూడా విచిత్రమే. మా తాత శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఈ రేవులో స్థిరపడ్డాడు. మా నాన్న ఆయన వెనకే వేటకు పోయాడు. నేను చదువు పేరు చెప్పి తప్పించుకున్నాను. పడవ ఎక్కితే వాంతులు చేసుకునే మత్స్యకారుల పిల్లవాణ్ణి రేవంతటికీ నేనొక్కణ్ణే. రిటైరైన ఏడాదికి సంఘం పెద్దలు ఇంటికొచ్చి దండ వేశారు. వాళ్ళకు ఇంగ్లీషులో అర్జీ రాయగలవాడు ఒకడు, పొద్దస్తమానం ఖాళీగా ఉండేవాడు ఒకడు కావాలి. ఇద్దరూ నాలోనే దొరికారు.

ఉత్తరం నియమం వెనక ఒక కథ ఉంది. నాకు ముందు అధ్యక్షుడి కాలంలో మా రేవు నుంచి ఒక డుంగీ బయటికి పోయింది. కొన్నవాడు దాన్ని సముద్ర దోసకాయలు పట్టే ముఠాకు అప్పగించాడు. దోసకాయలంటే కూరకు పనికొచ్చేవి కావు. సముద్రం అడుగున పడుండే మెత్తటి జీవులు, పట్టడం నేరం, దొంగచాటుగా దేశాలు దాటిపోతుంటాయి. డుంగీ దొరికిపోయింది. కాగితాల్లో ఇంకా అమ్మినవాడి పేరే ఉంది. పాపం ఆ ముసలాయన ఏ పాపమూ ఎరగడు, అయినా నెలల తరబడి స్టేషన్ చుట్టూ తిరిగి సగమైపోయాడు. అప్పటినుంచి కొనేవాడి సంగతి అధ్యక్షుడు విచారించి, సరేనంటేనే అమ్మకం. మాయాబందర్ అతను గతంలో అలాంటి పనికి పోయాడని ఎవరో ఎవరితోనో అన్నారట. అంతకు మించి ఎవరికీ ఏమీ తెలియదు.

టీ కొట్టులో బావ ఎత్తిపొడుపును పట్టించుకోనట్టు నటిస్తూ నేను పాఠం అందుకున్నాను. పెద్ద ఆయుధాల అమ్మకమైతే ప్రధాని, రక్షణ మంత్రి, విదేశాంగ మంత్రి, హోం మంత్రి, ఆర్థిక మంత్రి ఒక మేజా చుట్టూ కూర్చుంటారని చెప్పాను. కొనే దేశం దాన్ని ఎవరి మీద ఎక్కుపెడుతుందో చూస్తారు. దాని పొరుగు దేశంతో మనకు చుట్టరికం ఉంటే వాళ్ళు మొహం ముడుచుకుంటారా అని చూస్తారు. సొంత జనం మీదే వాడుకునే రకమా అన్నది చూడాలి, చాలాసార్లు చూడనట్టు ఊరుకుంటారు. మరో దేశంతో కలిసి తయారుచేసిన ఆయుధమైతే ఆ దేశం కూడా తలూపాలి. అన్నీ అయ్యాక, ఇది మేమే వాడుకుంటాం, మూడోవాడి చేతికి ఇవ్వం అని కొనేవాళ్ళ చేత ఒక కాగితం రాయించుకుంటారు.

"కాగితం మీద రాసీసి, ఆనక ఇచ్చీస్తే?" అని బావ అడిగాడు. ముప్పై ఏళ్ళుగా ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడిగిన ప్రశ్నే అది. ఏదో ఒకటి చెప్పి దాటేయడం నాకు బాగా అలవాటు. మర తుపాకీకైనా క్షిపణికైనా విడిభాగాలు మన దగ్గరే కొనాలి కాబట్టి మాట తప్పితే అవి ఆపేయొచ్చన్నాను. బావ తన డుంగీ ఇంజన్ విడిభాగాలు బజార్లో ఎక్కడైనా దొరుకుతాయన్నాడు. మళ్ళీ నవ్వులు.

నిజానికి మా రేవుకు క్షిపణి అంటే సెలవు. ఈ దీవుల దగ్గర పరీక్షలు జరిపినప్పుడల్లా ఫలానా రోజులు సముద్రంలోకి పోవద్దని కబురొస్తుంది. డుంగీలన్నీ కట్టేసి మగవాళ్ళు ఒడ్డున వలలు బాగుచేసుకుంటారు, పేకాడుకుంటారు. చేపలు లేవని ఆడవాళ్ళు విసుక్కుంటారు. ఆకాశంలో ఏం పోయిందో, ఎక్కడ పడిందో మాలో ఎవరూ చూడలేదు. రెండు రోజులు పోయాక మళ్ళీ ఇంజన్లు మోగుతాయి.

ఆ వారమంతా మా ఇల్లు సచివాలయమైంది. మొదట సంఘం కార్యదర్శి వచ్చాడు. మనం ఇవ్వకపోతే అతను వండూర్లోనో మరోచోటో కొనుక్కుంటాడు, పోయేది మీ బావగారి బేరమే కదా అన్నాడు. సరిగ్గా ఈ మాటే ఆయుధాలు అమ్మే దేశాలన్నీ అంటాయని అతనికి చెప్పాను. అయితే అది సరైన మాటే అన్నమాట అని సంతోషపడి వెళ్ళాడు. వెనకటి గొడవలో నలిగిపోయిన ముసలాయన వచ్చి, ఏమీ అడగకుండా గంటసేపు కూర్చుని, లేచి వెళ్ళిపోయాడు. బావ పెద్ద కొడుకు కరెంటాఫీసు నుంచి నేరుగా వచ్చాడు. నాన్న మోకాళ్ళు పూర్తిగా అరిగిపోయాయి, డాక్టరు సముద్రం మీదికి పోవద్దన్నాడు, కళ్ళముందు డుంగీ ఉంటే ఆయన ఆగడు, మీ సంతకం కోసమే ఆగాం అన్నాడు. చివరికి అక్కే వచ్చింది, వంజరం చేప ముక్కలు గిన్నెలో పెట్టుకుని.

"తమ్ముడూ, వానలొచ్చీస్తన్నాయి. డుంగీ గట్టున పడుంటే పాడైపోద్ది. అవునో కాదో ఏటో ఒకటి సెప్పీ. నువ్వు సెప్పక మీ బావ అన్నం సరిగ్గా తినట్లేదు."

ఆ ముక్కలు వేయించి పెడుతూ నా భార్య, మీ మంత్రిమండలికి ఇకనుంచి టీలు టీ కొట్టులోనే పెట్టించుకోండి అంది. నాకు నవ్వొచ్చింది కానీ లోపల మాత్రం దిగులుగానే ఉంది. సరేనంటే, రేపు ఆ డుంగీ ఏ ముఠా చేతిలోనో దొరికితే, ఈ వయసులో బావ స్టేషన్ మెట్లెక్కాలి. కాదంటే అక్క ఇంటి గడప ఏ మొహం పెట్టుకుని తొక్కను? బల్ల చుట్టూ కూర్చునే మంత్రులకు కొనేవాడు ఎక్కడో దూరాన ఉంటాడు, అమ్మేవాడు కంపెనీ. నాకైతే అమ్మేవాడు నా పెళ్ళిలో నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన మనిషి.

మాయాబందర్ అతను ఫెర్రీలో వచ్చి ఫీనిక్స్ బే జెట్టీలో దిగి నేరుగా మా ఇంటికొచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. వాళ్ళదీ మా వైపు నుంచి వచ్చిన కుటుంబమే, ఇక్కడే పుట్టాడు. తెలుగు మాట్లాడతాడు, చదవడం అంతంతమాత్రం. నేను ఢిల్లీ వాళ్ళకు ఏమాత్రం తీసిపోకుండా ఒక హామీపత్రం తయారుచేసి ఉంచాను. నిషేధమైన వేటకు పోను. డుంగీని ఆ పనికి ఇంకొకరికి ఇవ్వను. ఇంతవరకు అలాంటి పనిలో ఎన్నడూ పాల్గొనలేదు. ఒక్కో వాక్యం చదివి వినిపించాను. అతను చివరిదాకా తలూపి, పెన్ను తీసుకుని సంతకం పెట్టేశాడు. ఇంకేమైనా ఉందా మాస్టర్‌జీ అని కూడా అడిగాడు. అంత తేలిగ్గా పెట్టిన సంతకం చూసేసరికి నాకు ఆ కాగితం మీద నమ్మకం కాస్తా పోయింది.

ఆ మాట బావకు చెబితే మండిపడతాడనుకున్నాను. ఆయన మాత్రం నెమ్మదిగా, కాగితమేం చెబుతుంది, మనవాళ్ళ పద్ధతి మర్చిపోయావా అన్నాడు. నిజంగానే మర్చిపోయాను. మా తాతల కాలంలో పడవ చేతులు మారే ముందు అమ్మేవాడూ కొనేవాడూ కలిసి ఒక వేటకు పోయేవారు. తిరిగొచ్చాక ఇద్దరిలో ఎవరికి నచ్చకపోయినా బేరం రద్దు, కారణం అడగకూడదు. ఇంజన్లు, కాగితాలు వచ్చాక ఆ పద్ధతి ఎవరూ పాటించడం లేదు. సంతకం పెట్టేవాణ్ణి నేను కాబట్టి నేనూ వస్తానన్నాను. ఆ సాయంత్రానికి ఈ వార్త రేవంతా పాకింది. నాకోసం రెండు నిమ్మకాయలు, ఒక బకెట్టు సిద్ధం చేశామని టీ కొట్టువాడు కబురు పెట్టాడు.

వేటకు పోవాల్సిన నాడే సముద్రం మూసేశారు. రెండు రోజులు ఎవరూ పోకూడదు, పరీక్ష ఉందని కబురు. మాయాబందర్ అతను వేట కాకుండా తిరిగి వెళ్ళలేక ఉండిపోయాడు. ఆ రెండు రోజులూ అతనూ బావా డుంగీ నీడలో కూర్చుని వల బాగుచేశారు. నేను అటూ ఇటూ తిరుగుతూ దూరం నుంచి చూస్తుండేవాణ్ణి. ఇంజన్ ఎక్కడ మొరాయిస్తుందో, ఏ గాలికి డుంగీ ఏ పక్కకు ఒరుగుతుందో బావ చెబుతూనే ఉన్నాడు. ఆయన అంత హుషారుగా మాట్లాడగా చూసి ఏళ్ళయింది. అమ్మకం దగ్గర పడుతోందని సంబరపడుతున్నాడనుకున్నాను.

మూడో నాడు తెల్లవారుతుండగా బయల్దేరాం. రేవు దాటీ దాటకముందే బకెట్టు నా ఒళ్ళోకి చేరింది. బావ ముందువైపు కూర్చుని కాళ్ళు చాపుకున్నాడు. డుంగీ నడపడం, వల వేసే చోటు చూసుకోవడం అంతా అతనికే వదిలేశాడు. అతను తొందరపడలేదు. ఇంజన్‌ను అదిలించకుండా, అది ఎంత ఇస్తే అంతే తీసుకుంటూ పోయాడు. ఒకచోట ఆపి, నీళ్ళ మీద నురుగు ఎటు పోతోందో చాలాసేపు చూసి వల దించాడు. నాకు ఆ పని తెలియదు గానీ బావ ముఖం చదవడం తెలుసు. ఆయన ముఖంలో తప్పు పట్టే గీత ఒక్కటీ లేదు.

వల నీళ్ళలో ఉండగా, ఒక వాంతికీ ఇంకో వాంతికీ మధ్య, నేను అతన్ని సూటిగా అడిగేశాను. కాగితం సంగతి పక్కన పెట్టు, నువ్వు ఎప్పుడైనా ఆ దోసకాయల పనికి పోయావా అని. అతను వల మొత్తం లాగి, చేపలు విడదీసి, చేతులు కడుక్కున్నాక అప్పుడు చెప్పాడు.

"ఒక్కసారి పోయినాను మాస్టర్‌జీ. డుంగీ నాది కాదు, నాకు పని ఇచ్చిన సేట్‌ది. ఆడు పొమ్మన్నాడు, పోయినాను. ఒడ్డుకి వచ్చేదాకా వణికిపోయినాను. రెండోసారి పిలిస్తే నౌకరీ ఛోడ్ దియా, మానీసినాను. అందుకే సొంత డుంగీ కావాల. సొంతదైతే నన్ను ఎవడూ ఎక్కడికీ పొమ్మనడు, ఔర్ క్యా."

డుంగీ ఊగుతోంది. నా హామీపత్రంలో మూడో వాక్యం అబద్ధమని తేలిపోయింది. అయినా ఆ కాగితం చూసినప్పుడు కలగని నమ్మకం ఆ అబద్ధం ఒప్పుకున్నాక కలిగింది. నా ఎదురుగా ఉన్నది, ఒకసారి తప్పు చేసి, మళ్ళీ చేయకుండా ఉండే దారి వెతుక్కుంటున్న మనిషి. బావ వైపు చూశాను. ఆయన సముద్రం వైపు చూస్తున్నాడు.

ఒడ్డుకొచ్చాక టీ కొట్టు బల్ల మీద కాగితం పెట్టి ఉత్తరం రాశాను. పాత హామీపత్రం చింపేశాను. సంతకం పెట్టి, అధ్యక్షుడి ముద్ర వేసి, అమ్మకానికి సంఘం ఒప్పుకుందని అందరి ముందూ ప్రకటించాను. చప్పట్లు కొట్టారు. మాయాబందర్ అతను నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇంత గొప్ప నిర్ణయం ఢిల్లీలో అయినా ఎవరైనా ఇంత శ్రద్ధగా తీసుకుని ఉంటారా అని నాలో నేను మురిసిపోతున్నాను. బావ మాత్రం సరే అని ఒక్క మాట అని, చేపల బుట్ట కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

అలసిపోయాడనుకున్నాను. మధ్యాహ్నం భోజనమయ్యాక ఉత్తరం ఇద్దామని వాళ్ళింటికి పోతే అక్క ఆయన ఇంకా రేవులోనే ఉన్నాడంది. వెళ్ళి చూస్తే డుంగీలో కూర్చుని, అడుగున చేరిన నీళ్ళు డబ్బాతో తోడుతున్నాడు. ఎంత తోడాడో ఏమో, అడుగు ఆరిపోయి ఉంది. అయినా తోడుతూనే ఉన్నాడు. ఉత్తరం చేతికివ్వబోయాను. తీసుకోలేదు.

"నువ్వు కాదంటావనుకున్నాను," అన్నాడు. "నీకు అనుమానం జాస్తి గదా. పిల్లలకి నాను కాదంటే మొండి ముసిలోడు అంటారు. నువ్వు కాదంటే అది రూలు. ఆ ధైర్యంతోనే బేరం ఒప్పుకున్నాను బావమరిదీ."

 టీ కొట్టులో అందరి ముందూ నన్ను ఎత్తిపొడిచిన మనిషి, ఇన్నాళ్ళూ అన్నం సహించని మనిషి, నా సంతకం కోసం తొందరపడుతున్నాడనుకున్నాను. ఆయన నా సంతకం రాకూడదని ఎదురుచూస్తున్నాడు. కొనేవాణ్ణి కూర్చోబెట్టి ప్రశ్నలన్నీ అడిగాను. పొరుగువాళ్ళ మాట విన్నాను, వెనకటి గొడవ తిరగేశాను, సముద్రం మీదికి పోయి వాంతులు చేసుకున్నాను. అమ్మేవాణ్ణి మాత్రం ఒక్క ప్రశ్న అడగలేదు. అర్జీ పెట్టినవాడికి ఆ పని జరగాలనే ఉంటుందని నాకెవరు చెప్పారు? ఢిల్లీలో ఎన్ని ఫైళ్ళు ఇలా, పెద్దాయన కాదంటాడులే అన్న ధీమాతో కింద నుంచి పైకి పోతుంటాయో అనిపించింది. పైనున్న పెద్దాయన నాలాగే మురిసిపోతూ సంతకం పెట్టేస్తాడేమో. సిగ్గేసింది. బావ పక్కన కూర్చోవాలనిపించి డుంగీ ఎక్కాను. ఒడ్డున ఉన్న డుంగీ కాబట్టి కడుపులో తిప్పలేదు.

ఉత్తరం ఇంకా నా చేతిలోనే ఉంది బావా, వెనక్కి తీసుకుంటాను అన్నాను. వాంతులకు కళ్ళు తిరిగి సంతకం పెట్టానని చెబుతాను, రేవంతా నమ్ముతుంది అన్నాను. నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడు డబ్బా కింద పెట్టాడు.

"వద్దు. ఆడి సెయ్యి సూసినాను గదా, ఇంజన్ని ఏడిపించడు. ఇప్పుడు కాదంటే ఆడు మళ్ళీ సేట్ డుంగీయే ఎక్కాల. నా మొండితనానికి ఆణ్ణి అక్కడికి పంపుతానా?" అని ఉత్తరం నా చేతిలోంచి లాక్కుని, మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

చాలాసేపు అక్కడే కూర్చున్నాం. ఆయన మా అక్కను పెళ్ళి చేసుకున్న కొత్తలో ఈ డుంగీకి ముందున్న పడవ గురించి చెప్పాడు, దానికి ముందున్న పడవ గురించి కూడా. అన్నీ చేతులు మారినవే. నేను వింటూ కూర్చున్నాను. రిటైరయ్యాక అంత తృప్తిగా గడిచిన మధ్యాహ్నం నాకు ఇంకొకటి గుర్తులేదు.

డుంగీ బయల్దేరే నాడు పొద్దున్నే రేవులో జనం పోగయ్యారు. ఉత్తర దిక్కుగా పోవాలి, రెండు రోజుల ప్రయాణం. మాయాబందర్ అతను సామాను సర్దుకుని, బావ దగ్గరకొచ్చి, చాచా, ఈ దారి నాకు కొత్త, ఇంజన్ మీకు పాత, దారిలో రంగత్ దాకా నాతో రండి, అక్కణ్ణుంచి బస్సులో పంపిస్తాను అన్నాడు. బావ పెద్ద కొడుకు వెంటనే అడ్డుపడ్డాడు, డాక్టరు మాట గుర్తుచేశాడు. అక్కది మోకాళ్ళని, వానలని, బస్సు కుదుపులని ఒకటే సణుగుడు. బావ నా వైపు తిరిగాడు. మేష్టారు పర్మిషన్ ఇవ్వాల అన్నాడు. జనం నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు.

రేవంతా నా నోటివైపు చూస్తోంది. పెద్దరికంగా ఏదో చెప్పబోయి ఆగాను.

"బావా, నీకెళ్ళాలని ఉందా?"

ఆయన అప్పటికే ఒక కాలు డుంగీలో పెట్టాడు. రెండోది పైకి లేవక ఒడ్డునే ఆగిపోయింది. అప్పటిదాకా సణుగుతున్న మా అక్క నీళ్ళలోకి దిగి, వంగి, ఆ కాలు రెండు చేతులతో ఎత్తి డుంగీలో పెట్టింది.